హైదరాబాద్ నుంచి నేషనల్ టీమ్‌కు: మనోలో మార్కెజ్ వెంట వచ్చినవి, రానివి

2024 జులై 20న అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య పురుషుల జట్టుకు కొత్త కోచ్‌గా మనోలో మార్కెజ్ పేరు ప్రకటించింది. హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ చూసేవాళ్లకు ఆ పేరు పరిచయం చేయాల్సిన పని లేదు. రెండేళ్ల ముందు ఈ ఊరి పేరు మీద ఆడిన జట్టుకు ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు తెచ్చిపెట్టిన మనిషి ఆయనే. అప్పటికి వయసు 55. స్పెయిన్‌వాడే అయినా నాలుగు సీజన్లుగా భారత్‌లోనే పనిచేస్తున్నాడు. ఇక్కడి క్లబ్బులు, ఇక్కడి వేడి, ఇక్కడి ఆటగాళ్ల బలం, బలహీనత అన్నీ దగ్గర నుంచి చూసినవాడు. అంతకుముందు వచ్చిన విదేశీ కోచ్‌ల్లో చాలామంది విమానం దిగాకే మన ఆటగాళ్ల పేర్లు నేర్చుకోవడం మొదలుపెట్టారు. మనోలోకు ఆ అవసరం కూడా లేదు. కాగితం మీద చూస్తే ఇంతకంటే మంచి ఎంపిక దొరకదనే అనిపించింది.

ఏడాది తిరగకుండానే, 2025 జులై మొదటి వారంలో, సమాఖ్య, మనోలో పరస్పర అంగీకారంతో విడిపోయారు. మొత్తం 8 మ్యాచ్‌లు, ఒకే ఒక్క గెలుపు.

అలాంటప్పుడు రెండు మాటలు వెంటనే వినిపిస్తాయి. కోచ్‌కు చేతకాలేదు అన్నది ఒకటి. మన ఆటగాళ్లలో సరుకు లేదు అన్నది రెండోది. రెండూ సులువైన జవాబులే. అసలు కారణం ఆయన నేపథ్యంలోనే ఉంది. అందరూ ఆ నేపథ్యంలో ఏ కప్పు గెలిచాడో చూశారు. ఆ కప్పు ఎలాంటి పరిస్థితుల్లో, ఎన్ని రోజుల పనితో, ఎవరి కాళ్లతో వచ్చిందో చూసినవాళ్లు తక్కువ. విదేశీ కోచ్ బయోడేటా చదవడంలో మన దగ్గర ఎప్పుడూ జరిగే పొరపాటు ఇదే.

మనోలో 1968 సెప్టెంబర్‌లో బార్సిలోనాలో పుట్టాడు. ఆ ఊరి పేరు వినగానే మెస్సీ, గార్డియోలా గుర్తొస్తారు గానీ, ఈయన కోచింగ్ జీవితానికి ఆ పెద్ద క్లబ్బుతో సంబంధం లేదు. యూరోపా, ప్రాట్, బడలోనా, సాంత్ ఆంద్రేయు లాంటి కాటలోనియాలోని చిన్న క్లబ్బుల్లో, స్పెయిన్ మూడో, నాలుగో అంచె లీగుల్లో ఏళ్లకేళ్లు గడిచాయి. ఎస్పాన్యోల్ రెండో జట్టుకూ పనిచేశాడు. అక్కడ ఆటగాళ్లను కొనడానికి డబ్బుండదు. ఉన్నవాళ్లనే దిద్దుకోవాలి. కుర్రాడు కాస్త బాగా ఆడటం మొదలుపెడితే పై క్లబ్బువాళ్లు ఎగరేసుకుపోతారు, మళ్లీ ఇంకొకణ్ని తయారు చేయాలి. అలాంటి చోట పండిన కోచ్‌కు ఉండే అసలు నైపుణ్యం ఓపిక. రోజూ అదే కుర్రాడిని అదే మూలన నిలబెట్టి, నిన్న చెప్పినదాన్నే ఇవాళ మళ్లీ చెప్పగలగడం.

కెనరీ దీవుల్లోని లాస్ పాల్మాస్ క్లబ్బులో కూడా మొదట రెండో జట్టుకే కోచ్. ఆ కుర్రాళ్ల జట్టును 2017లో పై అంచెకు చేర్చాడు. అదే వేసవిలో కీకే సెటియన్ వెళ్లిపోవడంతో క్లబ్ మనోలోను సీనియర్ జట్టు కుర్చీలో కూర్చోబెట్టింది. అంటే నేరుగా లా లిగా, స్పెయిన్ మొదటి అంచె లీగ్. ఆరు లీగ్ మ్యాచ్‌లు జరిగాయి. రెండు గెలిచి నాలుగు ఓడాక, సెప్టెంబర్ నెలాఖరు రాకముందే ఆయనే తప్పుకున్నాడు. ఆ సీజన్ చివర్లో లాస్ పాల్మాస్ లా లిగా నుంచి కిందికి పడిపోయింది. తర్వాత క్రొయేషియాలో ఇస్త్రా 1961, థాయ్‌లాండ్‌లో రాచ్చబురి క్లబ్బులు. రెండు చోట్లా ఎక్కువ కాలం లేడు.

ఇక్కడే ఒక గీత కనిపిస్తుంది. కుర్రాళ్లూ, సమయమూ చేతిలో ఉన్న చోట ఆయన బాగా రాణించాడు. వెంటనే ఫలితం చూపించాల్సిన చోట నిలబడలేకపోయాడు. 2020కి ముందే ఆయన జీవితం చెప్పిన సంగతి ఇది.

హైదరాబాద్‌కు ఆయన రావడం కూడా అనుకోకుండా జరిగిందే. పుణె ఫ్రాంచైజీ మూతపడి 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీగా మారింది. మొదటి సీజన్ చేదు అనుభవం. 18 మ్యాచ్‌ల్లో 2 గెలుపులు, 10 పాయింట్లు, పట్టికలో అట్టడుగు స్థానం. తర్వాతి సీజన్‌కు ఆల్బర్ట్ రోకాను కోచ్‌గా పెట్టుకుంటే, 2020 ఆగస్టులో బార్సిలోనా నుంచి పిలుపొచ్చి ఆయన రోనాల్డ్ కూమన్ బృందంలోకి వెళ్లిపోయాడు. సీజన్ దగ్గర పడుతుండగా ఖాళీ అయిన ఆ కుర్చీలోకి వచ్చినవాడు మనోలో.

ఆ జట్టులో పేరున్నవాళ్లు తక్కువ. లెఫ్ట్ బ్యాక్ ఆకాశ్ మిశ్రా ఉత్తరప్రదేశ్‌లోని బల్‌రాంపూర్ కుర్రాడు, 19 దాటలేదు, అంతకుముందు ఐఎస్ఎల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. రైట్ బ్యాక్ ఆశిష్ రాయ్ సిక్కిం నుంచి వచ్చాడు. ముందు వరుసలో లిస్టన్ కొలాసో గోవా క్లబ్బులో పెద్దగా అవకాశాలు దొరక్క హైదరాబాద్ చేరినవాడు. మిడ్‌ఫీల్డ్‌లో మహమ్మద్ యాసిర్, డిఫెన్స్ మధ్యలో చింగ్లెన్‌సానా. ఇలాంటి జట్టుతో కొత్త కోచ్ ఎవరైనా మొదట డిఫెన్స్‌ను బిగించి, బంతిని పొడుగ్గా తన్నిస్తాడు. మనోలో వెనక నుంచి బంతిని పాసులతో ముందుకు తీసుకురావాలని పట్టుబట్టాడు. రెండు పక్కల ఉన్న కుర్ర బ్యాక్‌లను పైకి పరుగెత్తించాడు. తప్పు చేసిన కుర్రాడిని తర్వాతి మ్యాచ్‌లో బెంచీ మీద కూర్చోబెట్టకుండా మళ్లీ ఆడించాడు. ఆ ఒక్క అలవాటే వాళ్లను మార్చింది.

2020-21 సీజన్‌లో హైదరాబాద్ 6 గెలిచి, 3 ఓడి, ఏకంగా 11 మ్యాచ్‌లు డ్రా చేసుకుంది. చివరి 12 మ్యాచ్‌ల్లో ఓటమే లేదు. ఆఖరి మ్యాచ్‌లో గోవాను ఓడిస్తే ప్లేఆఫ్స్. అది 0-0తో ముగియడంతో ఐదో స్థానంలో ఆగిపోయింది. అయినా ఆ సీజన్ ఫలితం ఇంకో చోట కనిపించింది. 2021 మార్చిలో దుబాయ్‌లో ఒమన్‌తో జరిగిన మ్యాచ్‌లో భారత్ తరఫున ఒకేసారి 10 మంది కొత్తవాళ్లు బరిలోకి దిగితే, వాళ్లలో ఆకాశ్ మిశ్రా, చింగ్లెన్‌సానా, యాసిర్ హైదరాబాద్ ఆటగాళ్లే. కొద్ది నెలలకే లిస్టన్ కోసం కోల్‌కతా క్లబ్ పెద్ద మొత్తం చెల్లించి తీసుకెళ్లింది. కాటలోనియా చిన్న క్లబ్బుల్లో జరిగే కథే ఇక్కడా జరిగింది.

తర్వాతి ఏడాది 38 పాయింట్లతో రెండో స్థానం. సెమీస్‌లో కోల్‌కతా జట్టు ఏటీకే మోహన్ బగాన్‌ను రెండు మ్యాచ్‌లు కలిపి 3-2 తేడాతో దాటి ఫైనల్ చేరింది. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దా స్టేడియం నిండా పసుపు రంగే. కేరళ బ్లాస్టర్స్ అభిమానులు వేలకొద్దీ తరలివచ్చారు. 68వ నిమిషంలో రాహుల్ కేపీ గోల్‌తో కేరళ ముందుకెళ్లింది. ఇరవై నిమిషాలు గడిచాయి. హైదరాబాద్ దాడులు చేస్తూనే ఉంది గానీ బంతి లోపలికి పోవడం లేదు. 88వ నిమిషంలో కేరళ డిఫెండర్లు గాల్లోకి లేపిన బంతి పెనాల్టీ ఏరియా బయట దిగుతోంది. అక్కడ ఉన్నది సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన సాహిల్ తవోరా. గోవా కుర్రాడు, సీజన్ మొత్తంలో ఎక్కువసార్లు బెంచీ మీదే కూర్చున్నాడు. బంతిని నేల తాకనివ్వకుండానే కొట్టాడు. 1-1. షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి, ఆయనా గోవా మనిషే, మూడు పెనాల్టీలు ఆపాడు. 3-1తో కప్పు హైదరాబాద్ పేరు మీద పడింది. మరుసటి ఏడాది కూడా 42 పాయింట్లతో రెండో స్థానం. ఈసారి సెమీస్‌లో అదే కోల్‌కతా జట్టు చేతిలో పెనాల్టీల మీద ఓటమి.

ఇంతవరకూ అందరికీ తెలిసిన కథ. తరచి చూడాల్సిన సంగతులు రెండున్నాయి.

మొదటిది సమయం. కొవిడ్ కారణంగా 2020-21, 2021-22 సీజన్లు మొత్తం గోవాలోనే, బయో బబుల్‌లో జరిగాయి. కప్పు గెలిచిన ఏడాది హైదరాబాద్ జట్టు గచ్చిబౌలిలో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఆడలేదు. ఈ ఊరి అభిమానులకు అది తీరని లోటే. కోచ్‌కు మాత్రం అంతకంటే మంచి బడి దొరకదు. ఆటగాళ్లందరూ ఒకే హోటల్. ఇంటికి వెళ్లేది లేదు, ఊళ్లు తిరిగే ప్రయాణాలు లేవు. పొద్దున గ్రౌండ్, మధ్యాహ్నం వీడియో, సాయంత్రం భోజనాల దగ్గర మళ్లీ అవే మొహాలు. మానసికంగా అది నరకమని చాలామంది ఆటగాళ్లు చెప్పారు, అందులో అబద్ధం లేదు. కానీ నెలల తరబడి రోజూ దిద్దే అలవాటున్న కోచ్‌కు అలా చిక్కిన జట్టు మళ్లీ దొరకదు. 2021 నవంబర్ నుంచి 2022 మార్చి వరకు నాలుగు నెలల్లో హైదరాబాద్ 23 మ్యాచ్‌లు ఆడింది. ఈరోజు చేసిన తప్పును నాలుగైదు రోజుల్లో ఇంకో మ్యాచ్‌లో సరిచేసుకోవచ్చు.

రెండోది గోల్స్. ఇది ఇంకా ముఖ్యం, ఎందుకో దీని గురించి మాట్లాడినవాళ్లు చాలా తక్కువ. మనోలో మొదటి సీజన్‌లో జట్టు టాప్ స్కోరర్ స్పెయిన్‌కు చెందిన అరిడానే సాంటానా, 10 గోల్స్. కప్పు గెలిచిన సీజన్‌లో నైజీరియాకు చెందిన బార్తొలొమ్యూ ఒగ్బెచె 18 గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ అందుకున్నాడు. 2023లో మనోలో ఎఫ్‌సీ గోవాకు మారాక అక్కడ మొరాకో ఆటగాడు నోవా సదౌయి, స్పెయిన్ స్ట్రైకర్ కార్లోస్ మార్టినెజ్ ఆ బాధ్యత మోశారు. అంటే మనోలో జట్లలో బంతిని వెనక నుంచి తెచ్చేది, రెక్కల మీద పరుగెత్తేది, అడ్డుకునేది ఇక్కడి కుర్రాళ్లు. చివరి తన్ను తన్నేది ఎక్కువగా విదేశీయుడు. ఇందులో మనోలో తప్పేమీ లేదు. ఐఎస్ఎల్‌లో దాదాపు ప్రతి క్లబ్బూ స్ట్రైకర్ స్థానాన్ని విదేశీయుడికే ఇస్తుంది, ఎందుకంటే అక్కడే మ్యాచ్‌లు గెలుస్తాయి. కానీ నేషనల్ టీమ్‌కు వచ్చేసరికి ఒగ్బెచె ఉండడు. ఇల్లు కట్టడంలో సిద్ధహస్తుడైన మేస్త్రిని తెచ్చి, తలుపులు మాత్రం ఈసారి ఉండవు అన్నట్టే.

పైగా ఆయన చేరిన సమయం కూడా అలాంటిదే. ఏళ్ల తరబడి భారత్‌కు గోల్స్ కొట్టిపెట్టిన సునీల్ ఛెత్రి 2024 జూన్ 6న కోల్‌కతాలో కువైట్‌తో 0-0 మ్యాచ్ ఆడి అంతర్జాతీయ ఫుట్‌బాల్‌కు వీడ్కోలు చెప్పాడు. ఐదు రోజుల తర్వాత ఖతార్ చేతిలో 1-2 ఓటమి. బంతి గీత దాటి బయటికి పోయాక లోపలికి లాగి కొట్టిన గోల్‌ను రిఫరీ ఒప్పుకున్న ఆ మ్యాచ్ ఎవరూ మర్చిపోలేదు. దాంతో ప్రపంచ కప్ క్వాలిఫయర్స్ మూడో రౌండ్ ఆశ పోయింది, జూన్ 17న కోచ్ ఇగోర్ స్టిమాక్‌ను తప్పించారు. ఆ ఖాళీకి 291 దరఖాస్తులు వచ్చాయి. మనోలోను ఎంచుకున్నప్పుడు పెట్టుకున్న ఏర్పాటు వింతైనది. 2024-25 సీజన్ మొత్తం ఆయన ఎఫ్‌సీ గోవాకూ కోచ్‌గా ఉంటాడు, ఆ తర్వాతే పూర్తికాలం దేశం కోసం.

దీన్ని డబ్బు ఆదా అన్నవాళ్లున్నారు, గోవాతో ఉన్న కాంట్రాక్టును గౌరవించడం అన్నవాళ్లున్నారు. ఏ పేరు పెట్టినా, రోజువారీ పనిలోనే రాణించే మనిషికి ఇచ్చిన ఉద్యోగంలో ఆ రోజులే లేకుండా పోయాయి. నేషనల్ కోచ్ పని క్యాలెండర్ ఎలా ఉంటుందో చూస్తే ఇది అర్థమవుతుంది. ఫిఫా విండో, అంటే క్లబ్బులు ఆటగాళ్లను దేశపు జట్లకు వదలాల్సిన రోజులు, అప్పట్లో సెప్టెంబర్, అక్టోబర్, నవంబర్, మార్చి, జూన్ నెలల్లో తొమ్మిదేసి ఉండేవి. ఆటగాడు శనివారమో ఆదివారమో క్లబ్ మ్యాచ్ ఆడి సోమవారం క్యాంప్‌కు వస్తాడు. ఆ రోజు ఒళ్లు నొప్పులు, మసాజ్. మంగళ, బుధ వారాల్లో ప్రాక్టీస్. గురువారం మ్యాచ్. వెనక నుంచి పాసులతో ఆట కట్టడం రెండు సెషన్లలో నేర్పే విద్య కాదు.

2024 సెప్టెంబర్‌లో సరిగ్గా అదే జరిగింది. ఇంటర్‌కాంటినెంటల్ కప్‌ను హైదరాబాద్‌లోనే పెట్టారు. ఆగస్టు చివరి రోజున క్యాంప్ మొదలైతే సెప్టెంబర్ 3న మారిషస్‌తో మ్యాచ్. ర్యాంకుల్లో తమకంటే యాభైకి పైగా స్థానాలు కిందున్న జట్టుతో 0-0. ఆరు రోజుల తర్వాత సిరియా చేతిలో 0-3. బబుల్ వల్ల చూడలేకపోయిన మనోలోను గచ్చిబౌలి డగౌట్‌లో మళ్లీ చూసే రోజు అలా గడిచింది. అక్టోబర్‌లో వియత్నాంలో 1-1, ఫరూఖ్ చౌదరి గోల్. మూడు జట్ల టోర్నీ అనుకున్నది లెబనాన్ తప్పుకోవడంతో ఒక్క మ్యాచ్‌కే కుదించుకుపోయింది. నవంబర్ 18న మళ్లీ గచ్చిబౌలి, ఈసారి మలేసియా. 19వ నిమిషంలో గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ సింగ్ సంధు గోల్ వదిలి చాలా దూరం ముందుకొచ్చేశాడు, బంతి అందలేదు, పావులో జోసుయే ఖాళీ గోల్‌లోకి నెట్టాడు. కార్నర్ నుంచి రాహుల్ భేకే తలతో కొట్టి సమం చేశాడు. 2024లో భారత్ ఆడిన 11 మ్యాచ్‌ల్లో గెలుపు సున్నా. అందులో మనోలో ఖాతాలోవి నాలుగు.

ఆ తర్వాత నాలుగు నెలలు నేషనల్ టీమ్ మ్యాచే ఆడలేదు. ఆ నాలుగు నెలలూ ఆయన గోవాలో పని చేస్తూనే ఉన్నాడు. ఆ పని ఫలితం కూడా కళ్లముందుంది. ఎఫ్‌సీ గోవా 48 పాయింట్లతో లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది. మే నెలలో జంషెడ్‌పూర్‌ను 3-0తో ఓడించి సూపర్ కప్ గెలుచుకుంది. బ్రైసన్ ఫెర్నాండెజ్ అనే గోవా కుర్రాడు ఆ సీజన్‌లో పైకొచ్చి, లీగ్ వర్ధమాన ఆటగాడి అవార్డు అందుకున్నాడు. అదే ఏడాది, అదే కోచ్, అదే దేశపు ఆటగాళ్లు. ఒక చోట కప్పు, ఇంకో చోట కరువు. కోచ్‌కు చేతకాలేదన్న వాదన ఇక్కడ నిలబడదు. ఒక మనిషి సోమవారం తెలివైనవాడు, గురువారం తెలివితక్కువవాడు అయిపోడు. రెండు ఉద్యోగాల మధ్య తేడా ఆయన చేతికి దక్కిన రోజులు.

స్ట్రైకర్ సమస్య 2025 మార్చిలో అందరి ముందూ బయటపడింది. అప్పటికి ఆ లీగ్‌లో భారతీయుల్లో ఎక్కువ గోల్స్ కొట్టినవాడు 40 ఏళ్ల ఛెత్రి. మనోలో అడిగాడు, ఛెత్రి రిటైర్మెంట్ పక్కన పెట్టి తిరిగొచ్చాడు. మార్చి 19న షిల్లాంగ్‌లో మాల్దీవుల మీద 3-0. భేకే, లిస్టన్, ఛెత్రి గోల్స్. 489 రోజుల తర్వాత భారత్‌కు దక్కిన గెలుపు అది. లిస్టన్ పేరు ఆ జాబితాలో ఉండటం మనోలోకు ఎంత సంతోషాన్నిచ్చి ఉంటుందో ఊహించవచ్చు. ఆరు రోజుల తర్వాత అదే షిల్లాంగ్‌లో ఆసియా కప్ క్వాలిఫయర్‌లో బంగ్లాదేశ్‌తో 0-0. ఆ రాత్రి విలేకరుల ముందు మనోలో తన కోపాన్ని, నిరాశను దాచుకోలేదు. రెండు మూడు అడుగులు వెనక్కి వెళ్లామన్నాడు. జూన్‌లో థాయ్‌లాండ్ చేతిలో 0-2. జూన్ 10న హాంకాంగ్‌లో, కొత్తగా కట్టిన కై టాక్ స్టేడియంలో మ్యాచ్. మొదటి సగంలో ఆషిక్ కురునియన్ ముందు గోల్ దాదాపు ఖాళీగా ఉంది, బంతి పక్కకు పోయింది. ఇంజురీ టైమ్‌లో పెనాల్టీ, 0-1.

ఎనిమిది మ్యాచ్‌ల్లో గోల్స్ మొత్తం 5. అందులో 3 ఒక్క మాల్దీవుల మీదే.

అంతకుముందు వచ్చిన విదేశీ కోచ్‌ల నేపథ్యాలు కూడా ఇదే తూకంలో పెడితే కొంత తెలుస్తుంది. బాబ్ హౌటన్ 1979లో స్వీడన్ క్లబ్ మాల్మోను యూరోపియన్ కప్ ఫైనల్‌కు తీసుకెళ్లిన ఇంగ్లిష్ కోచ్. చైనా జట్టుకూ పనిచేశాడు. 2006లో భారత్‌కు వచ్చాక నెహ్రూ కప్ రెండుసార్లు గెలిచాడు. 2008లో ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్ కూడా. ఆ టోర్నీ ఎక్కువ భాగం హైదరాబాద్‌లోనే జరిగింది, ఫైనల్ ఢిల్లీకి మారింది. ఆ కప్పుతో 27 ఏళ్ల తర్వాత, 2011లో, భారత్ ఆసియా కప్ ఆడింది. మూడు మ్యాచ్‌లూ ఓడింది, అది వేరే సంగతి. కానీ హౌటన్ పట్టుబట్టి సాధించుకున్నది ఒకటుంది. ఆటగాళ్లను క్లబ్బుల నుంచి నెలల తరబడి విడిపించి, పోర్చుగల్‌లో, దుబాయ్‌లో క్యాంపులు పెట్టించాడు. క్లబ్బులు గొణిగాయి, ఆయన వినలేదు. ఐఎస్ఎల్ లేని రోజులు కాబట్టి అది సాధ్యమైంది.

స్టీఫెన్ కాన్‌స్టంటైన్‌ది ఇంకో రకం. నేపాల్, మలావీ, సూడాన్, రువాండా దేశాల జట్లకు పనిచేసి వచ్చినవాడు. కొద్దిరోజుల్లో జట్టును ఎలా నిలబెట్టాలో ఆయనకు ఆ దేశాలే నేర్పాయి. అందంగా ఆడించలేదని విమర్శలు చాలా పడ్డాయి, వాటిలో నిజమూ ఉంది. అయినా భారత్ కోచ్‌గా రెండో విడతలో 173వ ర్యాంకులో ఉన్న జట్టు 2017 నాటికి 96కు చేరింది. 2019 ఆసియా కప్‌లో థాయ్‌లాండ్‌ను 4-1తో ఓడించింది. పెద్ద క్లబ్బేదీ లేని ఆ బయోడేటానే ఈ ఉద్యోగానికి ఎక్కువగా సరిపోయింది. స్టిమాక్ 1998 ప్రపంచ కప్‌లో మూడో స్థానం పొందిన క్రొయేషియా జట్టు డిఫెండర్, తర్వాత అదే దేశానికి కోచ్. పేరులో వెలుగు ఎక్కువ. ఎక్కువ రోజుల క్యాంపులు కావాలని పదే పదే అడిగి, అవి దొరక్క క్లబ్బులతో, సమాఖ్యతో గొడవ పడుతూనే ఐదేళ్లు గడిపాడు. ఆయన పద్ధతి ఎంత చికాకు పుట్టించినా, అడిగిన విషయం మాత్రం సరైనదే.

ఇక విదేశీ కోచ్ ఎందుకు, మనవాళ్లు చాలరా అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా హైదరాబాద్ నుంచి ఒక పేరు వినిపిస్తుంది. సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తికి బడి పంతులు. ఆయన కోచ్‌గా ఉండగా 1951లో, 1962లో ఆసియా క్రీడల బంగారు పతకాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. ఇదంతా స్వదేశీ కోచ్ మహిమ అని చెప్పుకోవడం మనకు బాగుంటుంది. కానీ రహీం సాబ్ చేతిలో ఏమున్నాయో కూడా చూడాలి. ఆయన దేశపు జట్టుతో పాటే హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టునూ చనిపోయేవరకు నడిపాడు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ కాలంలో భారత జట్టులో హైదరాబాద్ ఆటగాళ్లు గుంపుగా ఉండేవాళ్లు. అంటే ఆయన రోజూ పొద్దున ఈ ఊళ్లో దిద్దిన కుర్రాళ్లే దేశం తరఫునా ఆడారు. మనోలోదీ రెండు పడవల ప్రయాణమే, రహీం సాబ్‌దీ అదే. రహీం సాబ్ రెండు పడవల్లోనూ చాలావరకు ఒకే ఆటగాళ్లు ఉన్నారు. మనోలో గోవా జట్టులో గోల్స్ కొట్టినవాళ్లలో చాలామంది భారత జెర్సీ వేసుకోవడానికి వీల్లేనివాళ్లు.

వియత్నాం ఇదే సంగతిని విదేశీ కోచ్‌తో సాధించింది. 2017లో వచ్చిన దక్షిణ కొరియా కోచ్ పార్క్ హాంగ్-సియోకు సీనియర్ జట్టుతో పాటు అండర్-23 జట్టునూ అప్పగించారు. 2002 ప్రపంచ కప్‌లో గస్ హిడింక్‌కు సహాయకుడిగా పనిచేసిన మనిషి ఆయన. ఆ టోర్నీకి ముందు కొరియా లీగ్ ఆటగాళ్లను నెలల కొద్దీ క్యాంప్‌కు వదిలిపెట్టడాన్ని లోపల నుంచి చూశాడు. 2018 జనవరిలో ఆసియా అండర్-23 టోర్నీలో వియత్నాం ఫైనల్ చేరింది. అదే ఏడాది చివర్లో సీనియర్ జట్టు ఆగ్నేయాసియా దేశాల ఏఎఫ్ఎఫ్ కప్ గెలిచింది. రెండు జట్లలోనూ చాలావరకు అవే మొహాలు. అక్కడ కోచ్‌ను ఎంచుకోవడంతో సరిపెట్టలేదు, ఆయన నేపథ్యానికి తగ్గ పనిని కూడా తయారు చేసి ఇచ్చారు.

మనోలో తర్వాత 2025 ఆగస్టులో ఆ బాధ్యత ఖాలిద్ జమీల్‌కు వచ్చింది. 2017లో మిజోరం క్లబ్ ఐజ్వాల్‌తో ఐ-లీగ్ గెలిచినవాడు, పదమూడేళ్ల తర్వాత పూర్తికాలం పగ్గాలు అందుకున్న భారతీయుడు. అప్పుడు అనుకోని వరం ఒకటి దొరికింది. హక్కుల ఒప్పందం గొడవతో ఐఎస్ఎల్ నిలిచిపోయి ఉంది. ఆగస్టు నడుమ బెంగళూరులో క్యాంప్ పెట్టుకుని, అక్కడి నుంచి నేరుగా తజికిస్తాన్‌లో మధ్య ఆసియా సమాఖ్య టోర్నీ కాఫా నేషన్స్ కప్‌కు వెళ్లారు. కొన్ని క్లబ్బులు ఆటగాళ్లను వదలకపోయినా, ఉన్నవాళ్లతో మూడు వారాలకు పైగా ఒకచోట గడిపే వీలు దొరికింది. మొదటి మ్యాచ్‌లో తజికిస్తాన్ మీద 2-1 గెలుపు. సెప్టెంబర్ 8న మూడో స్థానం కోసం ఒమన్‌తో 1-1, ఆపై షూటౌట్. ఆఖరి పెనాల్టీని ఆపినవాడు గుర్‌ప్రీత్, పది నెలల ముందు గచ్చిబౌలిలో గోల్ వదిలి ముందుకొచ్చిన ఆ గుర్‌ప్రీతే.

అక్టోబర్‌లో సింగపూర్‌తో రెండు ఆసియా కప్ క్వాలిఫయర్లు. ఈసారి క్యాంప్‌కు పిలిచినవాళ్లలో చాలామందిని క్లబ్బులు మొదటి రోజుల్లో వదల్లేదు. అక్కడ 1-1, ఇక్కడ 1-2, ఆసియా కప్ దారి మూసుకుపోయింది. ఆ రెండో మ్యాచ్ జరిగింది గోవాలో, తవోరా బంతిని నేల తాకనివ్వకుండా కొట్టిన ఫతోర్దా మైదానంలో.